రూపాయి జారితే... లాభం గల్లంతు!

శంషాబాద్ విమానాశ్రయం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ముంబై వెళ్లే విమానంలో ఒక్క సీటూ ఖాళీ లేదు. ఆఖరి నిమిషంలో టికెట్ కొన్నవాళ్లయితే మామూలు రేటుకి రెట్టింపు పెట్టారు. ముంబైలో దిగిన అరగంటకి అదే విమానం మళ్లీ జనాన్ని ఎక్కించుకుని ఇంకో ఊరికి ఎగురుతుంది. రాత్రిదాకా ఇదే వరస. డబ్బంతా ముందే వచ్చేసింది... అప్పుగా టికెట్ అడిగేవాడు లేడు.

ఇంత గిరాకీ ఉన్న వ్యాపారానికి నష్టం వస్తుందా?

వచ్చింది! 2025 జులై నుంచి సెప్టెంబరు వరకూ మూడు నెలల లెక్కల్లో ఇండిగో విమానాల్ని నడిపే ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ సంస్థ 2,582 కోట్ల రూపాయల నికర నష్టం చూపింది. పోనీ ఆదాయం తగ్గిందా అంటే అదీ కాదు. కిందటి ఏడాది ఇదే కాలంతో పోలిస్తే తొమ్మిది శాతానికి పైగా పెరిగి, 18,500 కోట్లు దాటింది. మరి డబ్బు ఎటు పోయింది? ఆ ప్రశ్నకి జవాబు కంపెనీయే చెప్పింది. కరెన్సీ విలువలో వచ్చిన మార్పుల్ని పక్కన పెడితే ఆ మూడు నెలల్లో తమకి సుమారు 104 కోట్ల లాభమేనని. అంటే విమానాలు నడిపి సంపాదించింది వంద కోట్లు. విమానాలతో సంబంధం లేకుండా, రూపాయి జారినందుకు పోయింది దాదాపు 2,700 కోట్లు.

మూడు రూపాయల తేడా

విమానాల్ని చాలావరకూ కొనరు, అద్దెకి తెచ్చుకుంటారు. ఆ అద్దె డాలర్లలో. అదీ ఒకటి రెండు నెలలకి కాదు, ఏళ్ల తరబడికి ఒప్పందం. 2019 ఏప్రిల్ నుంచి మనదేశంలో అమల్లోకి వచ్చిన అకౌంటింగ్ నిబంధన ప్రకారం రాబోయే సంవత్సరాల్లో కట్టాల్సిన ఆ అద్దెల్నీ ఇప్పుడే అప్పుగా లెక్కగట్టి పుస్తకాల్లో చూపించాలి. అప్పు డాలర్లలో, పుస్తకాలేమో రూపాయల్లో. అందుకని ప్రతి మూడు నెలలకీ ఒకసారి, త్రైమాసికం ముగిసే రోజున డాలరు ఎంత ఉందో చూసి మొత్తం అప్పుని మళ్లీ రూపాయల్లోకి మార్చి రాయాలి.

2025 జూన్ 30న డాలరు 86 రూపాయల లోపే ఉంది. సెప్టెంబరు 30కి 89కి దగ్గరగా వచ్చింది. తేడా మూడు రూపాయలు. మనం అమెరికాలో ఉన్న అబ్బాయికి ఫీజు కట్టేటప్పుడైతే ‘అబ్బ, ఇంకో పాతిక వేలు పెరిగిందే’ అనుకుంటాం. విమానయాన సంస్థ ఆ మూడు రూపాయల్ని వందల కోట్ల డాలర్లతో గుణించుకోవాలి.

ఇక్కడ ఇంకో మెలిక. డాలరు పెరిగితే ఆ విమానాల విలువ కూడా రూపాయల్లో పెరగాలి కదా! న్యాయంగా అయితే పెరగాలి. కానీ విమానం వాడుకునే హక్కుని అద్దెకు తెచ్చుకున్న రోజు విలువతోనే రాసి, ఏటా కాస్త కాస్త తగ్గించుకుంటూ పోతారు. ఒక పళ్లెంలో అప్పు బరువెక్కుతూ ఉంటుంది. రెండో పళ్లెంలో ఆస్తి కదలదు. తేడా అంతా తీసుకెళ్లి లాభనష్టాల ఖాతాలో వెయ్యాలి. ఆ మూడు నెలల్లో కంపెనీ జేబులోంచి ఈ 2,700 కోట్లూ నోట్ల రూపంలో బయటికి పోలేదన్నమాట. అలాగని ఇది ఉత్తుత్తి నష్టం అనడానికీ లేదు. రూపాయి మళ్లీ పైకి రాకపోతే రాబోయే ఏళ్లలో ప్రతి నెలా అద్దె చెక్కు రాసేటప్పుడు ఆ నష్టం నిజంగానే జేబులోంచి పోతుంది. రూపాయి కూడా ఆ తరవాత ఆగలేదు, 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది.

హైటెక్ సిటీ నేర్చుకున్న పాఠం

రూపాయి పడితే అందరికీ నష్టమేనా అంటే... కాదు. డాలర్లలో అప్పున్నవాడికి నష్టం, డాలర్లలో సంపాదించేవాడికి పండగ. మన హైదరాబాద్‌లో ఆ పండగ చేసుకునేవాళ్లు బోలెడుమంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు బిల్లు డాలర్లలో వేస్తాయి, జీతాలు ఎక్కువభాగం రూపాయల్లో ఇస్తాయి. రూపాయి విలువ ఒక శాతం అటో ఇటో కదిలితే లాభాల మార్జిన్ సుమారు పావు శాతం కదులుతుందని మార్కెట్ విశ్లేషకులు కాకిలెక్క వేస్తుంటారు. వినడానికి పావు శాతమే. కానీ పెద్ద కంపెనీల్లో ఆ పావు శాతం వందల కోట్లు.

ఈ పండగకి రెండో వైపు కూడా ఉందని 2007లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మొదట్లో డాలరుకి 44 రూపాయలు వచ్చేవి. ఏడాది చివరికి 39 రూపాయల చిల్లరకి దిగింది. అమెరికా క్లయింటు ఎప్పట్లాగే వంద డాలర్ల బిల్లు కట్టాడు. ఇక్కడికొచ్చేసరికి 4,400 కాస్తా 3,900 చిల్లరైంది. ప్రోగ్రామర్ పని తగ్గలేదు, జీతం తగ్గలేదు, మాదాపూర్‌లో ఆఫీసు అద్దె అంతకన్నా తగ్గలేదు. తగ్గింది లాభం ఒక్కటే.

రూపాయి ఇంకా బలపడుతుందన్న భయంతో చాలా కంపెనీలు ముందస్తు ఒప్పందాలు చేసుకున్నాయి. వీటినే ఫార్వర్డ్ కాంట్రాక్టులంటారు. గుంటూరు రైతు కాయ కోయకముందే ‘క్వింటాల్‌కి ఇంత’ అని వ్యాపారితో బేరం ఖాయం చేసుకోవడం లాంటిదే. ధర పడిపోతే రైతు బతికిపోతాడు. తీరా పంట చేతికొచ్చేసరికి యార్డులో ధర ఆకాశానికంటితే? ఊరంతా సంబరం చేసుకుంటుంటే తను మాత్రం పాత రేటుకే బస్తాలు తూచి ఇవ్వాలి.

సరిగ్గా అదే జరిగింది. 2008లో అమెరికాలో ఆర్థిక సంక్షోభం ముదిరింది. విదేశీ మదుపరులు డబ్బు వెనక్కి తీసుకోవడంతో రూపాయి వెల్లకిలా పడింది. ఏడాది మొదట్లో 40 దగ్గర ఉన్న డాలరు చివర్లో 50ని తాకింది, 2009 మార్చికి 52 దాటింది. ఏడాదికీ, అంతకన్నా ఎక్కువ కాలానికీ 40 రూపాయల ప్రాంతంలో డాలర్లు అమ్ముతామని ఒప్పుకున్న కంపెనీలు నాలుక కరుచుకున్నాయి. అమ్మకాల పద్దులో వచ్చిన లాభాన్ని ‘ఇతర ఆదాయం’ అనే పద్దు మింగేసింది. రెండు మూడు నెలలకి మాత్రమే ఒప్పందాలు చేసుకునే అలవాటున్నవాళ్లకి దెబ్బ తక్కువ తగిలింది.

వాళ్ల కన్నా పాపం చిన్న ఎగుమతిదారులు. తిరుప్పూర్‌లో బనియన్లు కుట్టి అమ్ముకునేవాళ్లు కూడా ఆ రోజుల్లో బ్యాంకులవాళ్లు చెప్పారని స్విస్ ఫ్రాంకు, జపాన్ యెన్ మీద ఆధారపడ్డ అర్థంకాని ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. వాళ్లు అమ్మేది డాలర్లకి, మధ్యలో స్విట్జర్లాండ్ ఎందుకొచ్చింది? ఆ ప్రశ్న కోర్టులదాకా వెళ్లింది. వాన పడితే గొడుగు వెయ్యాలి గానీ, వాన మీద పందెం కాయకూడదు కదా!

వెనిజులాలో ఇరుక్కున్న సొమ్ము

డాలరు, రూపాయిల మధ్య గొడవ ఫరవాలేదు. మూడో కరెన్సీ మధ్యలోకొస్తేనే అసలు చిక్కు. హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కి 2016లో ఎదురైన అనుభవం అలాంటిదే.

వెనిజులాకి ఈ సంస్థ మందులు అమ్మేది. అక్కడి కరెన్సీ బొలివర్. బయట మార్కెట్లో దాని విలువ ఎప్పుడో పాతాళానికి చేరింది. కానీ ఆహారం, మందుల్లాంటి అత్యవసరాల దిగుమతికి మాత్రం అక్కడి ప్రభుత్వం డాలరుకి 6.3 బొలివర్ల ప్రత్యేక రేటు ఇచ్చేది. కాగితం మీద భేషైన రేటు. డాలర్లు మాత్రం చేతికొచ్చేవి కావు, అనుమతుల కోసం ఎదురుచూపులే. మందులు అమ్ముడుపోయాయి, డబ్బు వసూలైంది... దేశం దాటి రాలేదు. ఇదిలా ఉండగా 2016 మార్చిలో ప్రభుత్వం ఆ ప్రత్యేక రేటు ఎత్తేసింది. అత్యవసరాలకి డాలరుకి 10 బొలివర్లని, మిగతావాటికి మార్కెట్‌ని బట్టి మారే రేటని ప్రకటించింది. మారే రేటు నెలాఖరుకి 270 బొలివర్లు దాటింది.

ఒకసారి లెక్క వేసి చూడండి. 6.3 రేటు చొప్పున 630 బొలివర్లంటే వంద డాలర్లు. 270 రేటు చొప్పున అదే 630 బొలివర్లకి రెండున్నర డాలర్లు కూడా రావు! ఇరుక్కున్న సొమ్ముని కంపెనీ ఆ కొత్త రేటుతో లెక్కగట్టింది. 400 కోట్ల రూపాయలకి పైగా రాసేసుకోవాల్సి వచ్చింది. 2015 జనవరి-మార్చిలో దాదాపు 519 కోట్లున్న నికర లాభం 2016 జనవరి-మార్చిలో సుమారు 75 కోట్లకి పడింది. బాచుపల్లి ప్లాంటులో ఒక్క మాత్ర తక్కువ తయారైనందువల్ల జరిగింది కాదిది. వేల మైళ్ల దూరంలో ఒక ప్రభుత్వం ఒక అంకె మార్చడం వల్ల జరిగింది.

రూపాయి వడ్డీ నోటు

ఇక బాండ్ల సంగతి. కరెన్సీ కథ ఎలాగోలా అర్థమైనా బాండ్ల దగ్గరికొచ్చేసరికి చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. ‘వడ్డీ రేట్లు పెరిగితే బాండు ధర తగ్గుతుంది’ అన్న వాక్యం వినగానే తల తిరుగుతుంది. వడ్డీ పెరిగితే మంచిదే కదా అని.

పల్లెటూళ్లో అప్పు నోటు గుర్తు తెచ్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. నూటికి నెలకి రూపాయి వడ్డీ చొప్పున పదేళ్లకి లక్ష రూపాయలు ఎవరికో అప్పిచ్చారు. నోటు బీరువాలో ఉంది. ఏడాది తిరక్కుండానే ఊళ్లో వడ్డీ రూపాయిన్నరైంది. ఇప్పుడు మీకు డబ్బు అవసరపడి, ఆ నోటు తీసుకుని లక్ష ఇవ్వమని పక్కింటాయన్ని అడిగితే ఇస్తాడా? ‘అదే లక్ష బయట ఇస్తే రూపాయిన్నర వస్తుంది, నీ రూపాయి నోటు నాకెందుకు? ధర తగ్గిస్తే చూద్దాం’ అంటాడు. మీకు రావాల్సిన వడ్డీలో పైసా తగ్గలేదు, అప్పు తీసుకున్నవాడు పారిపోలేదు. అయినా నోటు విలువ తగ్గింది.

ప్రభుత్వ బాండ్లదీ అదే తంతు. ఆరున్నర శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండు వంద రూపాయలకి కొన్నారు. మార్కెట్లో అలాంటి బాండ్ల రాబడి ఏడున్నర శాతానికి చేరితే మీ దగ్గరున్నదాని ధర సుమారు 93 రూపాయలకి దిగుతుంది. వందకి ఏడు రూపాయలేగా అనుకోవచ్చు. బ్యాంకుల దగ్గర ఇవి లక్షల కోట్లలో ఉంటాయి. డిపాజిట్లలో ఒక వంతు ప్రభుత్వ బాండ్లలో పెట్టి తీరాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన మరి.

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు జనం తమ దగ్గరున్నదంతా తెచ్చి బ్యాంకుల్లో పోశారు. అప్పులు అడిగేవాళ్లు మాత్రం పెద్దగా లేరు. ఆ డబ్బేం చెయ్యాలి? ప్రభుత్వ రంగ బ్యాంకులు నిబంధన అడిగినదానికన్నా ఎక్కువే బాండ్లు కొని కూర్చున్నాయి. 2017 మధ్యదాకా బాగానే ఉంది. ఆ తరవాత గాలి తిరిగింది. ముడిచమురు ధర పెరిగింది, ప్రభుత్వం ఎక్కువ అప్పు చేస్తుందన్న భయమూ తోడైంది. వేసవిలో ఆరున్నర శాతం దగ్గరున్న పదేళ్ల బాండు రాబడి డిసెంబరు నెలాఖరుకి 7.3 శాతం అయ్యింది, 2018 జూన్ చివరికి 7.9 శాతానికి చేరింది.

అప్పటికి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయి ఏడాది కూడా కాలేదు. 2017 అక్టోబరు-డిసెంబరు ఫలితాల్లో స్టేట్ బ్యాంకు 2,416 కోట్ల నష్టం ప్రకటించింది. తరవాతి మూడు నెలల్లో 7,718 కోట్లు, ఆ తరవాతి మూడు నెలల్లో 4,876 కోట్లు... వరసగా మూడు త్రైమాసికాలు నష్టాలే. నిజం చెప్పాలంటే ఇందులో పెద్ద వాటా మొండి బాకీలది. కానీ పుండు మీద కారం చల్లినట్టు బాండ్ల ధరలూ అప్పుడే పడ్డాయి. మామూలుగా అయితే మొండి బాకీల దెబ్బని కాచుకోవడానికి బ్యాంకులు బాండ్లు అమ్మి కాస్త లాభం తీసుకుంటాయి. ఆ తలుపు మూసుకుపోయింది.

కొలబద్ద మారింది

2018 ఏప్రిల్ 2న రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. డిసెంబరు, మార్చి త్రైమాసికాల్లో బాండ్ల మీద వచ్చిన నష్టాన్ని ఒక్కసారే చూపించనక్కర్లేదు, నాలుగు త్రైమాసికాలకి పంచుకోవచ్చని. జూన్ త్రైమాసికానికీ అదే సడలింపు పొడిగించింది. అంతకుముందు జనవరిలోనే అప్పటి డిప్యూటీ గవర్నర్ విరాల్ ఆచార్య వడ్డీ రేట్ల ముప్పుని బ్యాంకులే చూసుకోవాలి తప్ప ప్రతిసారీ నియంత్రణ సంస్థ వచ్చి ఆదుకోవాలని ఎదురుచూడకూడదని బ్యాంకర్లకి చురక పెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే సంస్థ మెత్తబడింది!

ఇది మొదటిసారేం కాదు. 2009 మార్చి 31న, ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజున, కేంద్ర ప్రభుత్వం కూడా ఇలాంటి పనే చేసింది. దీర్ఘకాలిక విదేశీ అప్పుల మీద కరెన్సీ వల్ల వచ్చే తేడాల్ని లాభనష్టాల ఖాతాలో కాకుండా, ఆ అప్పుతో కొన్న యంత్రాల ఖరీదులో కలుపుకోవడానికి కంపెనీలకి వీలు కల్పించింది. రూపాయి పడినందువల్ల వచ్చిన నష్టం ఒక్క రాత్రిలో లాభనష్టాల ఖాతా వదిలి ఆస్తుల పట్టికలోకి వెళ్లిపోయింది. అప్పు మాత్రం అక్కడే ఉంది. మొహం బాగాలేదని అద్దం మార్చుకోవడమే ఇది.

అద్దం అసలు లేకుండా చేసుకుంటే ఏమవుతుందో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు చూపించింది. గడువు తీరేదాకా అట్టిపెట్టుకుంటాం అని చెప్పిన బాండ్ల ధర ఎంత పడినా లాభంలోంచి తగ్గించక్కర్లేదు. మనదేశంలోనూ ఆ వెసులుబాటు ఉంది. సిలికాన్ వ్యాలీ బ్యాంకు తన బాండ్లలో ఎక్కువభాగం ఆ అరలోనే పెట్టింది. 2022లో అమెరికాలో వడ్డీ రేట్లు చరచరా పెరిగాయి. లాభనష్టాల ఖాతా మాత్రం ప్రశాంతంగా ఉంది. డిపాజిటర్లు డబ్బు వెనక్కి తీసుకుంటూ ఉండటంతో, 2023 మార్చి 8న ఇంకో అరలో ఉన్న 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మేశామని, 180 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని ప్రకటించింది. ఆ అరలోనే ఇంత పోతే మూసి ఉన్న అరలో ఎంత పోయిందో జనానికి తట్టింది. రెండు రోజుల్లో బ్యాంకు మూతపడింది.

మనదేశంలో 2024 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల బాండ్ల లెక్క మారింది. అవసరాన్ని బట్టి అమ్ముకునే వర్గంలో ఉన్న బాండ్ల ధర పెరిగినా తగ్గినా ఆ తేడా ఇప్పుడు లాభంలోకి రాదు, విడిగా ఒక రిజర్వులోకి వెళుతుంది. రోజువారీ కొనుగోళ్లూ అమ్మకాల కోసం పెట్టుకున్నవాటి తేడా మాత్రం లాభనష్టాల్లోనే చూపాలి. బ్యాంకుల త్రైమాసిక ఫలితాల్లో ఒడుదొడుకులు దీనివల్ల కొంత తగ్గుతాయి. నష్టం లేదని కాదు, మదుపరి దాన్ని వెతకాల్సిన చోటు మారింది.

ఎక్కడ చూడాలి?

త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా లిస్టెడ్ కంపెనీలు ఫలితాలు ప్రకటించాలి, ఆర్థిక సంవత్సరం చివరివాటికైతే 60 రోజులు. ఆ ఫలితాల రోజున టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాల్లో కనిపించేది ఒకే అంకె. నికర లాభం ఇంత శాతం పెరిగింది, లేదా తగ్గింది. పదవీ విరమణ సొమ్ములో కొంత షేర్లలో పెట్టుకున్న ఉపాధ్యాయుడు ఆ అంకె చూసి గుండె పట్టుకుంటాడు, లేదంటే ఇంకో యాభై షేర్లు కొంటాడు. ఆ అంకె వెనక ఉన్నది కంపెనీ పనితనమో, సెప్టెంబరు 30న డాలరు ధరో చెప్పేవాళ్లుండరు.

చెప్పే కాగితం మాత్రం ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో కంపెనీ పెట్టే ఫలితాల పట్టికలో ‘ఇతర ఆదాయం’, విదేశీ మారకం నష్టం అనే వరసలుంటాయి. అడుగున చీమల బారుల్లా చిన్న అక్షరాల్లో వివరణలుంటాయి. అసలు సంగతులు చాలాసార్లు అక్కడే దాక్కుంటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలైతే ‘కాన్‌స్టంట్ కరెన్సీ’ వృద్ధి అని విడిగా చెబుతాయి. కరెన్సీల విలువ పోయినసారి ఎంత ఉందో ఈసారీ అంతే ఉందనుకుంటే వ్యాపారం ఎంత పెరిగేదన్నమాట. రూపాయల్లో పన్నెండు శాతం పెరిగిన అమ్మకాలు కాన్‌స్టంట్ కరెన్సీలో ఏడు శాతమే అయితే మిగతా అయిదూ రూపాయి పడినందువల్ల వచ్చినవి, అమ్మకాల బృందం ప్రతాపం కాదు.

ఇక్కడ ఒక తమాషా గమనించొచ్చు. కరెన్సీ వల్ల నష్టం వచ్చినప్పుడు ‘ఇది పుస్తకాల్లో నష్టమే, మా వ్యాపారం దివ్యంగా ఉంది’ అని యాజమాన్యాలు మొదటి పేరాలోనే చెబుతాయి. అదే కరెన్సీ వల్ల లాభం వచ్చినప్పుడు ‘ఇది పుస్తకాల్లో లాభమే, నమ్మకండి’ అని మొదటి పేరాలో చెప్పిన యాజమాన్యం కోసం చాలా కాగితాలు తిరగెయ్యాలి.

పైగా ఒకసారి పడిన లెక్క ఏడాది తరవాత ఇంకో వేషంలో తిరిగొస్తుంది. వెనిజులా దెబ్బకి డాక్టర్ రెడ్డీస్ లాభం 75 కోట్లకి పడింది కదా! సరిగ్గా ఏడాదికి, 2017 జనవరి-మార్చి ఫలితాల్లో ఆ సంస్థ నికర లాభం 312 కోట్లు. కిందటేటితో పోలిస్తే నాలుగు రెట్లు దాటింది. వార్తల్లో శీర్షికలూ అలాగే వచ్చాయి. ఆ మూడు నెలల్లో అమ్మకాలు మాత్రం అంతకుముందు ఏడాది కన్నా తగ్గాయి.